రైలు నడిపే వాలంటీర్లు రాత్రి ఎక్కడ పడుకుంటారు?

పోయిన ఎపిసోడ్‌లో పాత రైళ్ళ గురించి మాట్లాడుకున్నాం. బ్రిటన్‌లో మూతపడిన చిన్న చిన్న రైలు మార్గాలను మామూలు జనమే చేతిలోకి తీసుకుని, జీతం లేకుండా నడుపుతున్నారని చెప్పాను. అది చూసి జమ్మలమడుగు నుంచి ఒక డిగ్రీ కుర్రాడు ఫోన్ చేశాడు. "సార్, జీతం లేకుండా రైలు నడుపుతారని చెప్తిరి. మరి రాత్రిపూట వాళ్ళు యాడ పండుకుంటారు సార్?" అన్నాడు.

నవ్వకండి. నేను చాలా ఏళ్ళు కాలేజీలో ఎన్.ఎస్.ఎస్. చూసినవాణ్ణి. సేవ, త్యాగం, వారసత్వం గురించి ఉపన్యాసాలు ఎన్నో విన్నాను. పడక గురించి అడిగినవాళ్ళను మాత్రం చాలా తక్కువ మందిని చూశాను. ఆ పడక లేకనే ఎన్నో మంచి పనులు ఆగిపోతాయి. అందుకే ఈ రోజు ఎపిసోడ్ మొత్తం దాని మీదే. రైలు దగ్గర మొదలుపెట్టి, చివరికి మన గండికోట దాకా వద్దాం.

ముందు మన సంగతి. మన దేశంలో వారసత్వ రైళ్ళు ఉన్నాయి. డార్జిలింగ్ కొండ రైలుకు 1999లో యునెస్కో గుర్తింపు వచ్చింది. 2005లో నీలగిరి రైలుకు, 2008లో కాల్కా–సిమ్లా రైలుకు వచ్చింది. కానీ వీటిని నడిపేది ఇండియన్ రైల్వే. డ్రైవరు దగ్గర నుంచి పట్టాలు చూసే ట్రాక్‌మన్ దాకా అందరూ జీతగాళ్ళే. మన జిల్లాలో చూస్తే, ఎర్రగుంట్ల మీదుగా పోయే మద్రాసు–బొంబాయి లైను పాతది. మద్రాసు వైపు నుంచి వేసుకుంటూ వచ్చిన పట్టాలు, బొంబాయి వైపు నుంచి వచ్చిన పట్టాలు 1871లో రాయచూరు దగ్గర కలిశాయి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వాళ్ళకు సొంత ఊళ్ళో రైలు స్టేషన్ వచ్చింది మాత్రం నంద్యాల–ఎర్రగుంట్ల లైను మొదలైన 2016లో. పులివెందుల వాళ్ళు ఇప్పటికీ రైలెక్కాలంటే ముద్దనూరుకో, ఎర్రగుంట్లకో, కడపకో పోవాల్సిందే. కాబట్టి జనం నడిపే రైలు మన దగ్గర లేదు. దాన్ని చూడాలంటే బ్రిటన్ పోవాలి.

అక్కడ వేల్స్ అనే ప్రాంతంలో ట్యాలిథ్లిన్ అని ఒక చిన్న రైలు ఉంది. గనిలో తీసిన పలక రాయిని కిందికి తెచ్చేందుకు 1865లో మొదలుపెట్టారు. మన ఎర్రగుంట్ల, జమ్మలమడుగు చుట్టుపక్కల నాపరాళ్ళ గనులు ఎట్లాగో, వాళ్ళకు ఆ పలక రాయి అట్లాగ. గని మూతపడినా, యజమాని సర్ హేడన్ జోన్స్ బతికున్నంత కాలం రైలును ఎట్లాగో నెట్టుకొచ్చాడు. 1950 జులైలో ఆయన పోయాడు. ఇక రైలు కూడా పోయినట్టే అనుకున్నారు. అప్పుడు టామ్ రోల్ట్ అనే రచయిత, ఆయన మిత్రులు 1950 అక్టోబరులో బర్మింగ్‌హామ్‌లో ఒక సభ పెట్టి సంఘం కట్టారు. 1951 మేలో వాళ్ళే రైలు నడిపారు. ప్రపంచంలో వాలంటీర్లు కాపాడుకున్న మొట్టమొదటి రైల్వే ఇదే. మీ పిల్లలు చూసే థామస్ అనే రైలింజను కథలు రాసిన పాస్టరు ఆడ్రీ గారు కూడా ఆ తొలి రోజుల్లో అక్కడ వాలంటీరుగా పనిచేశారు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. సంఘం పుట్టింది బర్మింగ్‌హామ్ నగరంలో. రైలు ఉన్నది సముద్రం ఒడ్డున టవిన్ అనే చిన్న ఊళ్ళో. మధ్యలో 160 కిలోమీటర్లకు పైనే దూరం. పని ఉన్న చోట మనుషులు లేరు, మనుషులు ఉన్న చోట పని లేదు. అంటే మొదటి రోజు నుంచే పడక సమస్య ఉంది.

"పొద్దున్నే బయలుదేరి పోయి, పని చేసి, రాత్రికి ఇంటికి రావచ్చు కదా" అని మీరు అనవచ్చు. ఆవిరి ఇంజను దగ్గర అది కుదరదు. ఎందుకో చెప్తాను. డీజిల్ ఇంజను స్టార్ట్ చేస్తే కాసేపట్లో కదులుతుంది. ఆవిరి ఇంజను అట్లా కాదు. బాయిలర్ చల్లగా ఉంటే నిప్పు రాజేసి, నీళ్ళు మరిగి, ఆవిరికి తగినంత ఒత్తిడి రావడానికి గంటలు పడుతుంది. తొందరపడి మంట పెద్దది చేస్తే లోపలి ఇనుము ఒక చోట ఎక్కువగా, ఒక చోట తక్కువగా వ్యాకోచించి బాయిలర్ దెబ్బతింటుంది. అందుకని నిదానంగానే కాచాలి. పది గంటలకు మొదటి బండి ఉందంటే, నిప్పు పెట్టే మనిషి తెల్లవారుజామునే షెడ్డులో ఉండాలి. బూడిద ఎత్తాలి, నూనె పోయాలి, నీళ్ళు పట్టాలి. సాయంత్రం చివరి బండి వచ్చాక కూడా పని అయిపోదు. నిప్పు తగ్గించి, బూడిద పెట్టె ఖాళీ చేసి, ఇంజనును భద్రంగా పెట్టి రావాలి. అటు చీకటి, ఇటు చీకటి. ఈ మనిషికి షెడ్డుకు దగ్గర్లో పడక లేకపోతే పది గంటల బండి లేదు.

రెండో కారణం ఇంకా ముఖ్యం. నిద్ర చాలని మనిషి చేతికి ఇంజను ఇవ్వకూడదు. వాలంటీరు అయినా సరే, ఆ బండిలో కూర్చున్నవాళ్ళ ప్రాణాలు వాళ్ళవే కదా. జీతం తీసుకోవట్లేదు కాబట్టి కునుకు తీసినా ఫరవాలేదు అని ఎవరూ అనరు. మన ఇండియన్ రైల్వేలో కూడా ఇదే లెక్క. లోకో పైలట్లు, గార్డులు డ్యూటీ మీద వేరే ఊరు చేరినప్పుడు విశ్రాంతి తీసుకోవడానికి రన్నింగ్ రూములు ఉంటాయి. మంచం, భోజనం, నిశ్శబ్దం. ఆ గది సుఖం కోసం ఏర్పాటు చేసింది కాదు. బ్రేకు ఎంత అవసరమో అదీ అంతే అవసరం.

సరే, మరి ఆ వాలంటీర్లు ఎక్కడ పడుకుంటారు? చాలా చోట్ల సంఘమే హాస్టల్ పెట్టుకుంది. ఫెస్టినియోగ్ అని వేల్స్‌లోనే ఇంకో పేరున్న రైల్వే ఉంది. వాళ్ళకు మిన్‌ఫోర్డ్ అనే చోట వాలంటీర్ల హాస్టల్ ఉంది. కొన్ని రైల్వేలు పాత రైలు పెట్టెలనే పక్కకు నిలబెట్టి, వాటిలో బెర్తులు వేసి పడకగా వాడుకుంటాయి. ఇవేవీ హోటళ్ళు కావు. ఒకదాని మీద ఒకటి మంచాలు ఉంటాయి. దుప్పటి ఎవరిది వాళ్ళు తెచ్చుకోవాలి. వంటిల్లు అందరిదీ, గిన్నెలు ఎవరివి వాళ్ళు కడగాలి. వానలో తడిసి, బొగ్గు మసి పట్టిన బట్టలు ఆరేసుకోవడానికి చోటుండాలి. రాత్రికి కొంచెం రుసుము కడతారు. ముందే పేరు చెప్పుకోవాలి. పిల్లలుంటే వాళ్ళ భద్రతకు వేరే నియమాలు ఉంటాయి.

ఈ ఫెస్టినియోగ్ కథలో మనకు దగ్గరగా తగిలే ముక్క ఒకటుంది. వాళ్ళ లైనులో కొంత భాగం కరెంటు ప్రాజెక్టు కోసం కట్టిన జలాశయంలో మునిగిపోయింది. జలాశయం కింద ఊరు పోవడం అంటే ఏందో మనకు ఒకరు చెప్పనక్కర లేదు. గండికోట జలాశయం కోసం 2020లో తాళ్ళప్రొద్దుటూరు ఖాళీ అయ్యింది కదా. అక్కడ మునిగింది రైలు మార్గం. వాలంటీర్లు ఊరుకోలేదు. నీళ్ళకు పైన, కొండ చుట్టూ దగ్గర దగ్గర 4 కిలోమీటర్ల కొత్త దారి తవ్వడం మొదలుపెట్టారు. 1965లో మొదలైతే రైలు ఆ దారి దాటి అవతలి ఊరు చేరేసరికి 1978 అయ్యింది. సొరంగం లాంటి పనులకు కూలి ఇచ్చి మనుషులను పెట్టుకున్నారు గానీ, మట్టి పనిలో చాలా భాగం వారాంతాల్లో వచ్చిన వాలంటీర్లదే. పదమూడేళ్ళు! ఒక్క రోజు ఉత్సాహంతో వచ్చి ఫోటో దిగి పోయేవాళ్ళతో ఇది అయ్యే పనేనా? శుక్రవారం రాత్రి వచ్చి, ఆదివారం సాయంత్రం దాకా ఉండి, మళ్ళీ పై వారం వచ్చేవాళ్ళ వల్లనే అయ్యింది. అట్లా రావాలంటే తల వాల్చడానికి చోటుండాలి. ఇప్పుడు బ్రిటన్ మొత్తం మీద ఇట్లాంటి రైల్వేల్లో పనిచేసే వాలంటీర్లు ఇరవై వేలకు పైనే ఉన్నారు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. ఇదంతా తెల్లవాళ్ళ తెలివి, మనకు తెలియదు అనుకోవద్దు. దారిన పోయేవాడికి చోటివ్వడం మనకు పాత అలవాటు. ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి, మన కడప మీదుగా పోయారు. ఆయన కాశీయాత్ర చరిత్ర చదవండి. ఏ ఊళ్ళో దిగవచ్చు, ఎక్కడ సత్రం ఉంది, ఎక్కడ నీళ్ళున్నాయి, అంగళ్ళలో ఏం దొరుకుతుంది – ఇదే రాసుకుంటూ పోతారు. ప్రయాణం అంటే పగలు నడక ఒక్కటే కాదు, రాత్రి దిగుడు కూడా అని ఆయనకు బాగా తెలుసు.

వాలంటీర్ల బసకు మన దగ్గర ఇప్పుడు కళ్ళ ముందున్న ఉదాహరణ తిరుమల శ్రీవారి సేవ. 2000లో మొదలైంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల నుంచి కూడా గుంపులు గుంపులుగా పోయి వస్తుంటారు. క్యూలలో నీళ్ళివ్వడం, అన్నప్రసాదం వడ్డించడం, కూరగాయలు తరగడం లాంటి పనులు చేస్తారు. జీతం లేదు. కానీ ఉండడానికి సేవా సదన్ భవనాలున్నాయి, ఆడవాళ్ళకు వేరు, మగవాళ్ళకు వేరు. తిండి అక్కడే. ఒక్కసారి ఆలోచించండి. సేవకులే గదుల కోసం క్యూలో నిలబడాల్సి వస్తే, లేదా సొంత డబ్బుతో వారం రోజులు లాడ్జిలో ఉండాల్సి వస్తే, ఎంతమంది పోగలరు? భక్తి అదే ఉంటుంది, వచ్చేవాళ్ళు మాత్రం తగ్గిపోతారు. డబ్బున్నవాళ్ళకే సేవ మిగులుతుంది. పుట్టపర్తిలో సేవాదళ్ వాళ్ళు వంతులవారీగా వచ్చి, అక్కడే ఉండి పనిచేసి పోయేది కూడా ఈ ఏర్పాటు మీదనే.

రెండో ఉదాహరణ నాకు బాగా తెలిసింది, ఎన్.ఎస్.ఎస్. గాంధీజీ శతజయంతి ఏడాది 1969లో మొదలైంది. రెండేళ్ళలో 240 గంటల సేవ, దానితో పాటు ఏదో ఒక ఊళ్ళో 7 రోజుల ప్రత్యేక శిబిరం. పిల్లలు పడుకునేది ఎక్కువగా ఆ ఊరి బడిలో. బెంచీలు పక్కకు జరిపి, చాపలు పరిచి, దోమలతో కుస్తీ పడుతూ. మగపిల్లలు ఎట్లాగో సర్దుకుంటారు. ఆడపిల్లల దగ్గర చిక్కు వస్తుంది. ఒక ఊళ్ళో మాకిచ్చిన గదికి లోపల గడియ లేదు, మరుగుదొడ్డిలో నీళ్ళు రావు. ఏం చేస్తారు? ఆడపిల్లలందరూ సాయంత్రం చివరి బస్సుకు ఇంటికి పోయి, పొద్దున మళ్ళీ వచ్చేవాళ్ళు. వాళ్ళు చేరేసరికి పదిన్నర. అప్పటికి ఎండ నెత్తికెక్కేది. మొక్కలు నాటే పని, కాలువ తీసే పని అన్నీ పొద్దున ఆరు నుంచి తొమ్మిదిలోపే అయిపోయేవి. అంటే సగం మంది వాలంటీర్లు ఉండీ లేనట్టే. పైగా, "ఆడపిల్లలు కష్టపడరు సార్" అనే మాట ఒకటి. గడియ లేని తలుపుకు వాళ్ళు మాట పడ్డారు.

ఇక్కడే మన ఎండకు, వాళ్ళ ఆవిరి ఇంజనుకు పోలిక కనపడుతుంది. వాళ్ళకు నిప్పు తెల్లవారుజామున పెట్టాలి. మనకు ఎండ ముదరకముందే పలుగు పట్టాలి. రెండు చోట్లా పని తెల్లవారుజామునే మొదలవుతుంది. తెల్లవారుజామున పని అంటే రాత్రి బస తప్పదు.

ఇప్పుడు గండికోట. జమ్మలమడుగుకు 15 కిలోమీటర్ల దూరం. పెన్నా లోయ చూడటానికి దేశం నలుమూలల నుంచి వస్తున్నారు. మాధవరాయ స్వామి గుడి, రంగనాథ స్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం – ఇన్ని ఉన్న కోట. చూడటానికి వచ్చేవాళ్ళకు పర్యాటక శాఖ హరిత హోటల్ ఉంది, గుడారాలు అద్దెకిచ్చేవాళ్ళు ఉన్నారు. మంచిదే. కానీ పని చేయడానికి వచ్చేవాళ్ళ సంగతేంది? రెండు రోజులు ప్లాస్టిక్ ఏరడానికి, వచ్చినవాళ్ళకు దారి చూపడానికి, కథ చెప్పడానికి ఒక విద్యార్థి రావాలనుకున్నాడు అనుకోండి. పులివెందుల నుంచి ముద్దనూరు మీదుగా జమ్మలమడుగుకు దగ్గర దగ్గర 60 కిలోమీటర్లు, అక్కడి నుంచి మళ్ళీ కోటకు. పొద్దున మొదటి బస్సు పట్టుకున్నా చల్ల పూట అయిపోతుంది. చూడటానికి వచ్చేవాళ్ళు కట్టే గది అద్దె ఆ పిల్లవాడు కట్టలేడు. వాడు రాడు. వాడు రాకపోతే, "మన పిల్లలకు చరిత్ర మీద ఆసక్తి లేదు" అని మనమే అంటాం.

మరి ఏం చేయవచ్చు? నాకు తోచింది వరుసగా చెప్తాను.

మొదటిది, అనుమతి. గండికోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. అక్కడ మన ఇష్టానికి పలుగు, పార పట్టుకుని పోకూడదు. మంచి మనసుతోనే అయినా, ఒక రాయి కదిపితే నష్టమే. ఏ పని చేయవచ్చో, ఏది చేయకూడదో వాళ్ళను అడిగి, రాతపూర్వకంగా తీసుకోవాలి. చెత్త తీయడం, దారి చూపడం, జనాన్ని అదుపు చేయడం లాంటివి మనం చేయగలిగినవి.

రెండోది, చోటు. కోటలో గానీ, దాన్ని ఆనుకుని గానీ హాస్టల్ కడదాం అనుకోవద్దు. చట్టం ప్రకారం రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల లోపల కొత్త కట్టడం నిషేధం, ఆ పైన ఇంకో 200 మీటర్లు అనుమతి ఉంటేనే. అసలు కొత్తగా కట్టడమే ఎందుకు? జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ఊళ్ళలో ఎన్ని కల్యాణ మండపాలున్నాయి! ఆషాఢంలో, పుష్యంలో, మూఢాల్లో పెళ్ళిళ్ళు ఉండవు. మండపాలు తాళాలేసి ఉంటాయి. పుష్యమాసం అంటే చలికాలం, పైగా పిల్లలకు సంక్రాంతి సెలవులు. పనికి అంతకంటే మంచి కాలం మనకు లేదు. మండపంలో గదులు, మరుగుదొడ్లు, వంటిల్లు, నీళ్ళ ట్యాంకు అన్నీ ఉన్నాయి. అడిగితే ఇచ్చే పెద్దమనుషులు మన ఊళ్ళలో తక్కువేం లేరు. జమ్మలమడుగు నుంచి కోటకు పొద్దున ఒక ఆటో, సాయంత్రం ఒక ఆటో మాట్లాడుకుంటే చాలు.

మూడోది కొంచెం ఇబ్బందిగా ఉన్నా చెప్పాలి. మన సత్రాల్లో చాలావరకు ఒక్కో కులం వాళ్ళు తమ వాళ్ళ కోసం కట్టుకున్నవి. దానిలో తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు, వాళ్ళ డబ్బు, వాళ్ళ దానం. కానీ వాలంటీర్లు పడుకునే చోట "ఏం అబ్బీ, మీరేమిట్లు?" అనే ప్రశ్న ఉండకూడదు. గండికోటలో గుడులూ ఉన్నాయి, మసీదూ ఉంది. దాన్ని చూసుకునేవాళ్ళు ఒకే గదిలో పక్కపక్కన చాప వేసుకోలేకపోతే, ఆ కోట గురించి జనానికి మనం చెప్పేది ఏముంది?

నాలుగోది, ఆడపిల్లల గది. లోపల గడియ, వెలుతురు, నీళ్ళొచ్చే మరుగుదొడ్డి, రాత్రి తోడుగా ఒక పెద్దావిడ. ఈ నాలుగూ ముందు చూసుకుని, తర్వాతే శిబిరం తేదీ పెట్టండి. పులివెందుల్లో ఒక తల్లి కూతుర్ని పంపాలంటే, ఆమె అడిగేది చరిత్ర గురించి కాదు. "రాత్రి యాడ ఉంటారు, ఎవరుంటారు?" అని అడుగుతుంది. దానికి జవాబు మన దగ్గర సిద్ధంగా ఉండాలి.

ఐదోది, లెక్క. పూర్తిగా ఉచితం పెట్టొద్దు. ఎంతో కొంత, ఇరవయ్యో ముప్పయ్యో తీసుకోండి. కట్టినవాడికి అది తన చోటు అనిపిస్తుంది, శుభ్రంగా పెట్టుకుంటాడు. కట్టలేనివాడి దగ్గర అడగొద్దు, అది పదిమందికి తెలియనివ్వొద్దు. ఒక రిజిస్టరు పెట్టండి. ఎవరు వచ్చారు, ఏ ఊరు, ఇంట్లో ఫోన్ నంబరు ఏది, ఎప్పుడు పోతారు అనేది రాయాలి. మందు, సిగరెట్టు కాంపౌండు లోపలికి రాకూడదు. రాత్రి పదికి లైట్లు ఆర్పాలి. పొద్దున ఉగ్గాని, మధ్యాహ్నం సంగటి, చెనక్కాయల చట్నీ. ఇంతకంటే ఏం కావాలి?

ఆఖరు మాట ఒకటి. పడక వల్ల వచ్చే లాభం పని ఒక్కటే కాదు. ఆ రైల్వేల వాళ్ళు నేర్పుకునేది ఎక్కువగా రాత్రి పూటనే. పగలు ఇంజను దగ్గర చెప్పడానికి తీరిక ఉండదు. రాత్రి వంటింట్లో గిన్నెలు కడుగుతూ, డెబ్బై ఏళ్ళ పెద్దాయన పద్దెనిమిదేళ్ళ కుర్రాడికి బాయిలర్ శబ్దం ఎట్లా వినాలో చెప్తాడు. పెద్దాయన పోయాక ఆ విద్య ఉండేది ఆ కుర్రాడి దగ్గరే. మన జమ్మలమడుగులో కూడా కోట గురించి, పాత పెన్నా గురించి, నీళ్ళలో పోయిన ఊళ్ళ గురించి తెలిసిన పెద్దవాళ్ళు ఉన్నారు. వాళ్ళను సభకు పిలిచి మైకు ఇస్తే ఐదు నిమిషాల్లో ముగిస్తారు. రాత్రి భోజనాలయ్యాక పిల్లల మధ్య కూర్చోబెట్టండి, పదకొండయినా ఆపరు. లైట్లు పదికి ఆర్పాలన్న నియమం ఆ ఒక్క రోజు సడలించవచ్చు.

కాబట్టి జమ్మలమడుగు అబ్బాయీ, నీ ప్రశ్నకు జవాబు ఇది. వాళ్ళు రైలు పక్కనే పడుకుంటారు, అందుకే రైలు నడుస్తోంది. మీ ఊళ్ళో ఏదన్నా మండపం వాళ్ళు పుష్యమాసంలో నాలుగు రోజులు తాళం ఇస్తామంటే నాకు కబురు చెయ్యి. చాప నేను తెచ్చుకుంటాను.

వచ్చే ఎపిసోడ్‌లో ఇంకో విషయంతో కలుద్దాం. అంతవరకు సెలవు. నమస్కారం.